పది రాగాల రికార్డు మళ్లీ వినబోయే ముందు

చిరంజీవికి ఆశీస్సులు,

చరణ్‌జిత్ సింగ్ 1982 నాటి ‘సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్’ రికార్డు వినడానికి కూర్చుంటున్నావని తెలిసి సంతోషం. బొంబాయి సినిమా పాటలకు వాద్యాలు వాయించిన కళాకారుడాయన. గ్రామఫోన్ కంపెనీ విడుదల చేసిన రోజుల్లో దీన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. 2010లో బాంబే కనెక్షన్ అనే నెదర్లాండ్స్ లేబుల్ మళ్లీ వేశాక లోకం చెవిన పడింది. అప్పటినుంచీ ‘యాసిడ్ హౌస్ (సింథసైజర్ బేస్‌తో నడిచే షికాగో డాన్స్ సంగీతం) కంటే ఐదేళ్లు ముందు’ అన్న మాటే అందరి నోటా. ఆ తరహాకు పేరు తెచ్చిన షికాగో బృందం ఫ్యూచర్ రికార్డు ‘యాసిడ్ ట్రాక్స్’ వచ్చింది 1987లో, కాబట్టి లెక్క సరే. కానీ ఆ ఒక్క మాటతో వింటే బీటు మాత్రమే చెవికెక్కి రాగం వెనకబడుతుంది. నువ్వు రాగంతో మొదలుపెట్టు.

పాత ప్రతి దొరికితే ముందు కడుగు. అరలీటరు డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కల వాసనలేని లిక్విడ్ సబ్బు చాలు. మెత్తటి బ్రష్‌తో గాడి వెంట గుండ్రంగా తుడవాలి, అడ్డంగా కాదు. లేబుల్ తడవకూడదు. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి తుడిచి నిలబెట్టి ఆరబెట్టు. సబ్బు గాడిలో మిగిలితే అదే ఎండి చిటపటలాడుతుంది.

వేగం చూడటం ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఇక్కడ శ్రుతితో పని. అంచున చిన్న కాగితం ముక్క పెట్టి చుట్లు లెక్కపెట్టు: 100 చుట్లకు సరిగ్గా 3 నిమిషాలు పట్టాలి. 178 సెకన్లే పడితే ప్లేయరు ఒక శాతం పైగా వేగంగా తిరుగుతున్నట్టు; శ్రుతి అర్ధస్వరంలో ఐదో వంతు దాకా పెరుగుతుంది. తంబూరా పక్కన పెడితే వెంటనే తెలిసిపోతుంది. ప్లేయరును తిప్పే బెల్టు సాగితే మాత్రం వేగం తగ్గడమో, ఊగడమో జరుగుతుంది.

ఒక్కో వైపు చివరి రాగాలు మధువంతి, బైరాగి. అవి కాస్త గరగరమంటే ప్రతి పాడైందనుకోకు. బయటి అంచు దగ్గర సూది కింద సెకనుకు సుమారు 50 సెంటీమీటర్ల గాడి సాగుతుంది, లేబుల్ దగ్గర 20 సెంటీమీటర్లే. పై స్థాయి ధ్వనులు అక్కడ ఇరుకున పడతాయి.

ఫోను స్పీకర్‌లో మాత్రం వినకు. ఇందులో తాళం వేసే డ్రమ్ యంత్రం రోలాండ్ టీఆర్-808; దాని కిక్ (పెద్ద డ్రమ్ము దెబ్బ) 50 హెర్ట్జ్ చుట్టుపక్కల మోగుతుంది. అంత కింది ధ్వని ఫోను పలకదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకో.

వరసగా పదీ వినేస్తే అన్నీ ఒకేలా ఉన్నాయనిపిస్తుంది. చాలామంది అక్కడే ఆపేస్తారు. కారణం సులువు: అడుగున యంత్రాలు అవే, నడకా దాదాపు అదే, మారేది స్వరాలే. అందుకే రోజుకు ఒక్క రాగం, మూడుసార్లు. ఇవన్నీ హిందుస్తానీ రాగాలు. భూపాలీతో మొదలుపెట్టు, అది మన కర్ణాటక సంగీతంలో మోహన. తర్వాత మాల్కౌంస్, అంటే హిందోళం. యమన్ కల్యాణి, కళావతి వలజి, బైరాగి రేవతి. పేరు చూసి పొరబడే చోటు తోడి: హిందుస్తానీ తోడి స్వరాలు మన శుభపంతువరాళివి, మన తోడి స్వరాలు అక్కడి భైరవిలో ఉంటాయి.

మొదటిసారి షడ్జం (సా) పట్టుకో. పాట ఎక్కడ స్థిమితపడుతుందో ఆ స్వరాన్ని నోటితో పలికి, తంబూరా యాప్‌ను దానికి సెంట్ల (అర్ధస్వరంలో నూరో వంతుల) లెక్కన సరిచెయ్. మాల్కౌంస్‌లో, లలిత్‌లో పంచమం (పా) లేదు. వాటికి తంబూరా సా-పాలో మోగితే ఆ పంచమం రాగాన్ని చెడగొడుతుంది. సా-మాకు మార్చు.

రెండోసారి కింది స్వరాలు పలికే రోలాండ్ యంత్రం టీబీ-303 బేస్ ఒక్కటే విను. ఒకసారికి ఒకే స్వరం పలికే యంత్రమది, తిరిగి తిరిగి మోగే వరసకు 16 స్వరాల చోట్లు. స్వరం నుంచి స్వరానికి జారే స్లైడ్ ఉంది గానీ, జారడానికి పట్టే సమయాన్ని మార్చే మీట లేదు. ప్రతి జారూ ఒకే కొలత. దాన్నుంచి గమకం ఆశించడం అన్యాయం. ఆ బుడబుడ ధ్వని ధ్వని రంగును మార్చే ఫిల్టర్ కటాఫ్, రెజొనెన్స్ మీటల వల్ల వస్తుంది.

మూడోసారి పైన నడిచే రాగం, దాన్ని పలికే కీబోర్డు సింథసైజర్ జూపిటర్-8. ఇది చేత్తో వాయించింది. కింద తాళం గీత గీసినట్టు కదలకుండా ఉంటే, పైన చెయ్యి స్వరాన్ని ఎక్కడ ఆలస్యం చేస్తోంది, ఎక్కడ జార్చి అందుకుంటోంది, అదీ వినవలసింది. నాకు ఈ రికార్డులో అన్నిటికన్నా ప్రియమైనది ఆ రెంటి మధ్య లాగుడే. కీబోర్డులో సా నుంచి పై సా దాకా 12 సమాన మెట్లే కాబట్టి కల్యాణి గాంధారం నువ్వు కచేరీలో వినేదానికన్నా కాస్త హెచ్చుగా తోస్తుంది. తప్పు స్వరం అనుకోకు.

భూపాలీ మూడుసార్లూ అయ్యాక మంచి గాత్ర కచేరీలో మోహన ఆలాపన ఓ పది నిమిషాలు విని, మళ్లీ దీనికి రా. మాల్కౌంస్ మరునాడు.