హైదరాబాద్ కళాకారులకు ఐర్లాండ్ తరహా కనీస ఆదాయం ఉందా?

లేదు. ఐర్లాండ్ 2022లో అర్హులైన దరఖాస్తుదారుల నుంచి లాటరీ తీసి 2,000 మందికి వారానికి 325 యూరోలు ఇచ్చింది. వృద్ధాప్యంతో, పేదరికంతో పనిలేదు. పన్ను మాత్రం కట్టాలి.

మన దగ్గర దానికి కాస్త దగ్గరగా ఉన్నది కేంద్ర సాంస్కృతిక శాఖ వృద్ధ కళాకారుల సహాయం: నెలకు గరిష్ఠంగా 6,000 రూపాయలు. వయసు 60 దాటాలి, ఏడాది ఆదాయం 72,000 మించకూడదు. అంటే ఇది పింఛనే, కళ సాగించడానికిచ్చే జీతం కాదు. రాష్ట్రం నుంచి కళాకారుల పింఛను వస్తుంటే ఆ మేరకు తగ్గించి ఇస్తారు.

మీ సేవలో ఆదాయ ధ్రువపత్రం ముందే తీసుకోండి. పాత కరపత్రాలు, పత్రికా కత్తిరింపులు, సన్మాన పత్రాలు పారేయొద్దు. నోటిమాటగా ఒగ్గుకథ చెప్పినవారికి అసలు చిక్కు ఈ రుజువుల దగ్గరే. ఆధార్‌లో, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు ఒకేలా ఉందో లేదో కూడా చూసుకోండి.