పదిసార్లు రాసినా పొద్దున్నకి ఉండట్లేదు

ప్రశ్న: నేను స్టాఫ్ నర్సుని. జర్మనీలో ఉద్యోగం కోసం నాలుగు నెలలుగా జర్మన్ క్లాసులకి వెళ్తున్నాను. రోజుకి పాతిక మాటలు ఇస్తారు. డ్యూటీ దిగి వచ్చాక ఒక్కోటి పదేసి సార్లు రాస్తాను, పక్కన తెలుగు అర్థం పెట్టుకుని పైకి చదువుతాను. పడుకునేటప్పుడు అన్నీ వచ్చినట్టే ఉంటాయి, లేచేసరికి సగం ఉండవు. నాకు జ్ఞాపకశక్తి తక్కువేమోనని టెన్షన్‌గా ఉంది. (ఓ పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: ఏ బెడ్ పేషెంటుకి ఏ మందు ఎన్నింటికి ఇవ్వాలో బుర్రలో పెట్టుకుని తిరిగే మనిషికి జ్ఞాపకశక్తి తక్కువంటే నేను నమ్మనమ్మా. మర్చిపోవడం అందరికీ ఒకేలా జరుగుతుంది. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అని ఒక జర్మనాయనే, అర్థం లేని అక్షరాల గుంపులు తనే బట్టీపట్టి, ఎప్పటికి ఎంత పోతోందో లెక్క రాసుకుని 1885లో పుస్తకం వేశాడు. ఆయన చూసిందేమిటంటే పోయేదాంట్లో ఎక్కువ భాగం మొదటి కొన్ని గంటల్లోనే పోతుంది, ఆ తర్వాత జారడం నెమ్మదిస్తుంది. కాబట్టి పొద్దున్నకి సగం మిగిలాయంటే మీరు బాగానే చదువుతున్నట్టు.

తప్పల్లా ఆ పదిసార్లు రాయడంలో ఉంది. రెండోసారి తర్వాత రాసేది చెయ్యే, మనసు రేపటి టిఫిన్ మీదికి వెళ్ళిపోతుంది. పైగా అర్థం పక్కనే కనిపిస్తుంటే మెదడుకి వెతుక్కునే పనే ఉండదు. ఏడో ఎక్కం గడగడా అప్పజెప్పే పిల్లాణ్ణి ఆపి ‘ఏడెనిమిదులెంతరా’ అని అడిగితే లోపల్లోపల మళ్ళీ ఏడొకట్ల నుంచి మొదలుపెట్టుకుని వస్తాడు చూడండి, అదీ సంగతి. వాడికి వచ్చింది వరస. మీ నోట్సులో మాటలకి కూడా అదే జరుగుతోంది, పేజీలో పైనుంచి మూడోది అని గుర్తుంటుంది, విడిగా అడిగితే రాదు.

అర్థం మూసేసి మిమ్మల్ని మీరే అడగండి. రాకపోతే వెంటనే చూసెయ్యకుండా కాసేపు తన్నుకోండి, ఆ తన్నుకోవడమే చదువు. దీనికో పాత పద్ధతి ఉంది, సెబాస్టియన్ లైట్నర్ అనే ఆయన 1972లో రాసిన పుస్తకంతో పేరొచ్చింది. ఒక ఖాళీ స్వీటు డబ్బా తీసుకుని అట్టముక్కలతో ఐదు అరలు చెయ్యండి. పాత క్యాలెండరు కాగితాలు చీటీలుగా కత్తిరించి ఒకవైపు తెలుగు, రెండోవైపు జర్మన్ రాయండి. కొత్త చీటీలన్నీ మొదటి అరలో. మొదటి అర రోజూ తియ్యాలి, రెండోది రెండ్రోజులకోసారి, మూడోది వారానికి, అలా వెనక్కి వెళ్ళేకొద్దీ ఎడం పెంచుకుంటూ పోవాలి. చెప్పగలిగితే చీటీ పక్క అరలోకి వెళ్తుంది, చెప్పలేకపోతే నాలుగో అరలో ఉన్నా సరే మళ్ళీ మొదటికే. కాస్త కసిగా ఉంటుంది గానీ పనిచేస్తుంది. ఫోన్‌లోనే కావాలంటే ఆంకీ అనే ఆప్ ఇలాంటి లెక్కని తనే వేసుకుంటుంది. నామటుక్కి మొదటి రెండు నెలలు డబ్బానే మంచిదంటాను, ఫోన్ తీస్తే చీటీ బదులు రీల్స్ చూస్తాం.

రోజుకి పాతిక ఎక్కువ, పది చాలు. క్లాసులో పాతిక ఇస్తే ఇవ్వనివ్వండి, డబ్బాలో మాత్రం పదే వెయ్యండి. ఒకేలాంటివి ఒకే రోజు వెయ్యకండి. ‘వేర్’ అంటే ఎవరు, ‘వో’ అంటే ఎక్కడ, ఈ రెండూ ఒకే పూట నేర్చుకుని నేను నెల రోజులు తలకిందులుగా అడిగాను. ఇంగ్లీషు ‘హూ’, ‘వేర్’ కూడా మధ్యలో వచ్చి పడతాయి మరి.

ఇంకో సంగతి, జర్మన్‌లో వస్తువులకి కూడా లింగం ఉంది కదా. మనకి ‘ఆమె వచ్చింది’, ‘బస్సు వచ్చింది’ రెండిటికీ ఒకటే క్రియ, అలాంటిది ఇంజెక్షన్ (ష్ప్రిట్సె) స్త్రీలింగం, కట్టు (ఫెర్‌బాంట్) పుంలింగం, జ్వరం (ఫీబర్) నపుంసకలింగం అంటే ఎలా గుర్తుంటుంది? కారణం వెతక్కండి, చాలావాటికి దొరకదు. చీటీ మీద మాట ఒక్కటే రాయకుండా ముందున్న డేర్ (పుంలింగం), డీ (స్త్రీలింగం), డాస్ (నపుంసకం) కలిపే రాసి కలిపే పలకండి, ఇంటిపేరులా. వీలైతే మూడింటికి మూడు రంగుల పెన్నులు. ‘ఉంగ్’తో ముగిసే నామవాచకాలు దాదాపు అన్నీ ‘డీ’యే, అదొక్కటి ఊరట.

తెలుగు లిపిలో మాత్రం రాసుకోకండి. ఈ శీర్షికలో నాకు తప్పదు గానీ, ‘ఇప్పటికే’ అనే మాటా ‘అందమైన’ అనే మాటా మన లిపిలో రెండూ షోన్ అయి కూర్చుంటాయి, వాళ్ళు రెండో దాంట్లో ఓ మీద రెండు చుక్కలు పెట్టి వేరుగా పలుకుతారు. చీటీల్లో మీ వార్డు మాటలు ముందు వెయ్యండి. ‘క్రాంక్’ అంటే జబ్బుపడ్డ, క్రాంకెన్‌హౌస్ ఆసుపత్రి, క్రాంకెన్‌వాగెన్ అంబులెన్స్, ఒక్క వేరు పట్టుకుంటే అరడజను వస్తాయి. రేపు డ్యూటీలో పేషెంటుని ‘నొప్పిగా ఉందా?’ అని తెలుగులో అడిగినప్పుడల్లా మనసులో ‘హాబెన్ జీ ష్మెర్త్సెన్?’ అనుకోండి. రోజుకి నలభైసార్లు అడుగుతారుగా.

ప్రశ్న: రిటైర్డ్ లెక్కల మాస్టారిని, మనవణ్ణి చూడ్డానికి మ్యూనిక్ వెళ్తున్నాను. జర్మన్ అంకెలే నా నోరు తిరగనివ్వట్లేదు. ఈ వయసులో వస్తుందా? (ఓ పాఠకుడు, తెనాలి)

జవాబు: వస్తుంది మాస్టారూ, మీరు వినాయక చవితికి ఏటా చెప్పేదే అది. ఏకవింశతి పత్రపూజలో ఒకటి ముందు, ఇరవై తర్వాత. జర్మన్‌లో ఇరవై ఒకటి కూడా ‘ఒకటీ-ఇరవై’యే, ఐన్-ఉంట్-త్స్వాన్‌త్సిష్. వందలోపు అంతా ఇలాగే. షాపులో నలభై ఐదు అంటే యాభై నాలుగు అనుకుని చిల్లర లెక్కపెట్టేస్తాం, అందుకని ఇంట్లో ఎవరితోనైనా వరస లేకుండా అడిగించుకోండి. మ్యూనిక్‌లో పలకరింపు ‘గ్రూస్ గాట్’, చిన్న బన్నుని ‘జెమ్మెల్’ అంటారు. ఈ రెండూ నేర్చుకుని వెళ్తే బేకరీలో గౌరవం.

ప్రశ్న: జర్మన్ నేర్పే ఆప్‌లో 200 రోజుల స్ట్రీక్ (ఒక్కరోజూ మానకుండా) ఉంది, నోరు తెరిస్తే ఒక్క మాట రాదు. ఎందుకు? (ఓ విద్యార్థి, వరంగల్)

జవాబు: నాలుగిట్లో ఒకటి గుర్తుపట్టడం నేర్చుకున్నావు బాబూ, బేకరీలో అమ్మాయి నీకు ఆప్షన్లు ఇవ్వదు. ఫోన్ బోర్లా పెట్టి, ఇవాళ పొద్దుట్నుంచి ఏం తిన్నావో జర్మన్‌లో పైకి చెప్పు. ఎక్కడ ఆగిపోతావో ఆ మాట చీటీ మీద రాసుకో, రేపు దానితోనే మొదలుపెట్టు.