సమాధానం: సివిలైజేషన్ 6 కంప్యూటర్ గేమ్‌లో రెండో ఊరు 3 జనాభా దగ్గరే ఆగిపోయింది

ఫుడ్ మిగులుతున్నా జనాభా కదలట్లేదంటే లోటు తిండిది కాదండీ, హౌసింగ్‌ది (ఊళ్లో జనం ఉండే చోటుకి ఆట ఇచ్చే లెక్క). మీ స్క్రీన్‌షాట్‌లో ఆ ఊరికి నదీ లేదు, సముద్రమూ లేదు. అలాంటిచోట మొదట దొరికే హౌసింగ్ 2 మాత్రమే. తీరంలో అయితే 3, మంచినీటి పక్కన 5. జనాభా హౌసింగ్‌ని అందుకుంటే ఎదుగుదల పావు వంతుకి పడిపోతుంది. హౌసింగ్ జనాభా కంటే ఒక్కటే ఎక్కువుంటే సగం.

ముందు పాటరీ అనే టెక్నాలజీ నేర్చుకుని గ్రానరీ (ధాన్యపు కొట్టు) కట్టండి, హౌసింగ్ 2 వస్తుంది. ఒక బిల్డర్‌ని (పనివాణ్ణి) పంపి చదును నేల మీద రెండు ఫార్మ్‌లు వేయించండి. ఒక్కోదానికి అర చొప్పున ఇంకో 1. ముందున్న 2తో కలిపి మొత్తం 5 అయ్యేసరికి మళ్లీ పూర్తి వేగం. బిల్డర్‌కి మిగిలే మూడో చార్జ్ (ఒక పని చేసే అవకాశం) గుట్ట మీద మైన్‌కి వాడుకోండి. తర్వాత ఇంజినీరింగ్ టెక్నాలజీ వచ్చాక, ఊరికి నీళ్లు తెచ్చి హౌసింగ్ పెంచే అక్విడక్ట్ కట్టండి. అది సిటీ సెంటర్‌కి ఆనుకునే ఉండాలి, రెండో పక్క నదో, సరస్సో, ఒయాసిసో, కొండో తగలాలి. చాలామంది సరిగ్గా ఆ గడిలోనే క్యాంపస్ (చదువుల పేట) పెట్టేసి తర్వాత నాలుక కరుచుకుంటారు.

ఈసారి కొత్త ఊరు కట్టే సెట్లర్‌ని ఎంచుకున్నాక గడుల రంగు చూడండి: ముదురాకుపచ్చ మంచినీరు, లేతాకుపచ్చ తీరం, బూడిద రంగైతే ఇదే కష్టం.