చెవిలో పాత సమస్య, బీపీ... అండమాన్‌లో స్నార్కెలింగ్ చేయొచ్చా?

ప్రశ్న: నా వయసు 47. ఐదేళ్లుగా బీపీ మాత్రలు వాడుతున్నాను. చిన్నప్పుడు ఎడమ చెవిలో చీము కారేది. ఇప్పుడు జలుబు చేసినప్పుడు మాత్రం కాస్త తడి వస్తుంది. డిసెంబరులో కుటుంబమంతా అండమాన్ వెళ్తున్నాం. పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) నుంచి ఓడలో ఒక్కరోజులో హేవ్‌లాక్ దీవికి (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) వెళ్లొచ్చి, అక్కడ పగడపు దిబ్బల దగ్గర స్నార్కెలింగ్ (మాస్కు పెట్టుకుని, గొట్టంతో గాలి పీలుస్తూ నీటిపై తేలుతూ కిందికి చూడటం) చేయాలని పిల్లల పట్టు. నాకు ఈత రాదు. బస్సెక్కితేనే వాంతులు. నేనూ దిగొచ్చా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఈత గురించి, వాంతుల గురించి మీరు టెన్షన్ పడుతున్నారు గానీ, ముందు తేలాల్సింది చెవి సంగతి. జలుబు చేసినప్పుడల్లా తడి వస్తోందంటే కర్ణభేరికి పడ్డ రంధ్రం ఇంకా పూడలేదేమోనని అనుమానించాలి. ఈఎన్‌టీ డాక్టరు చెవిలోకి లైటు వేసి చూస్తే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. టికెట్ల కంటే ముందు ఆ పని చూసుకోండి.

రంధ్రం ఉంటే మళ్లీ చీము పట్టడం ఒక్కటే కాదు సమస్య. సముద్రపు నీళ్లు మన ఒంటికంటే చల్లగా ఉంటాయి. అవి మధ్యచెవిలోకి చేరితే, ఆ పక్కనే బ్యాలెన్స్ చూసుకునే లోపలి చెవి కూడా చల్లబడి ఒక్కసారిగా కళ్లు గిర్రున తిరుగుతాయి. ముఖం నీళ్లలో, నోట్లో గొట్టం, పైనేదో కిందేదో తెలియదు. ఈత వచ్చినవాళ్లే అప్పుడు కంగారుపడిపోతారు. ‘దూది పెట్టుకుని దిగితే?’ అని చాలామంది అడుగుతారు. దూది నీటిని పీల్చుకుంటుంది, ప్లగ్గులనూ పూర్తిగా నమ్మలేం. రంధ్రం ఉందని తేలితే అడుగున అద్దమున్న పడవ ఎక్కండి, పగడాలు అందులోంచీ కనిపిస్తాయి.

కర్ణభేరి బాగుంటే ఈత రాకపోయినా దిగొచ్చు. లైఫ్ జాకెట్ వేసుకుంటే, గైడు తేలే రబ్బరు ట్యూబు పట్టుకుని తీసుకెళ్తాడు. పైపైన తేలితే చెవి మీద ఒత్తిడి దాదాపు ఉండదు. లోపలికి మునగడం మాత్రం మీకు వద్దు. జలుబుగా ఉంటే ఆ రోజు అసలే దిగకండి. కొత్తవాళ్లకు కష్టమనిపించేది ముక్కు మూసుకుని నోటితో గాలి పీల్చడం. అందుకే ఒక మాస్కు, గొట్టం కొనుక్కుని ముందే గుంటూరులోనో విజయవాడలోనో ఈత కొలనులో నడుములోతు నీళ్లలో నాలుగైదు రోజులు అలవాటు చేసుకోండి.

బీపీ మాత్ర ఆ ఉదయం కూడా మానొద్దు. అందులో నీళ్ల మాత్ర (మూత్రం ఎక్కువగా పోయేలా చేసేది) కలిసి ఉంటే ఓడలో బాత్రూమ్ ఇబ్బందని మానేసేవాళ్లున్నారు. అది తప్పు. నీళ్లలో ఉన్నప్పుడు కాళ్లలోని రక్తం ఛాతీ వైపు చేరి గుండెకు పని పెరుగుతుంది. బీపీ అదుపులో లేనివాళ్లలో అరుదుగా ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. వెళ్లే వారంలో చూపించుకోండి, 160/100 దాటుతుంటే దిగొద్దు. నీళ్లలో ఆయాసం, దగ్గు మొదలైతే గొట్టం తీసేసి, చెయ్యెత్తి గైడును పిలిచి బయటికి వచ్చేయండి, నిటారుగా కూర్చోండి. ఆయాసం తగ్గకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక వాంతులు. భవానీ ద్వీపం బోటులో ఏమీ కాలేదన్న ధీమా పనికిరాదు, కృష్ణలో అలలెక్కడివి? అవోమిన్ లాంటి మాత్ర ప్రయాణానికి గంట, రెండు గంటల ముందు వేసుకుంటే పనిచేస్తుంది, కానీ మత్తు తెస్తుంది. మత్తుగా నీళ్లలో దిగడం మంచిది కాదు కాబట్టి ఒక సెలవు రోజు ఇంట్లోనే వేసుకుని ఎంత నిద్ర వస్తుందో చూసుకోండి. గ్లకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉంటే మీ డాక్టరును అడక్కుండా వాడొద్దు. ఖాళీ కడుపుతో ఓడెక్కకండి. రెండిడ్లీలు చాలు, ఆ పూటకి కారప్పొడి, మిర్చి బజ్జీ వద్దు. దూరంగా ఆకాశం, సముద్రం కలిసేచోటు చూస్తూ కూర్చోండి, ఫోను చూడకండి.

ఎండ మనకు అలవాటేగా అనుకోకండి. నీళ్లలో వేడి తెలియదు, సాయంత్రానికి మెడ వెనక, పిక్కలు కమిలిపోతాయి. పొడుగు చేతుల స్విమ్ డ్రెస్ నయం. పగడాన్ని తాకకండి, దానిమీద నిలబడకండి. గీరుకుంటే శుభ్రమైన నీళ్లతో బాగా కడిగి, లోపలి రేణువులు తీసేయాలి. టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో ఇప్పుడే చూసుకోండి.

అక్కడికెళ్లాక పిల్లలు స్కూబా డైవింగ్ (గాలి సిలిండరుతో లోతుకు మునగడం) కూడా చేద్దామంటారు. మీకు మాత్రం డాక్టరు ఫిట్‌నెస్ ఇవ్వనిదే వద్దు. వాళ్లు చేస్తే చివరి డైవ్‌కీ తిరుగు విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉండేలా చూసుకోండి. స్నార్కెలింగ్‌కి ఆ నిబంధన లేదు.