‘మాకొద్దు’ అనాలా, ‘మనకొద్దు’ అనాలా?

సందేహం: మా సంఘం ధర్నా కోసం పాట రాస్తున్నాను. పల్లవిలో ‘మా భూమి మాకే’ అన్నాను. ‘మన భూమి మనకే’ అనడమే సరైనదని ఒక మిత్రుడి వాదన. ఏది ఒప్పు? ఉద్యమ పాటల్లో వినిపించే ‘రా’ వినేవాళ్లను కించపరచదా?

సమాధానం: వ్యాకరణం ప్రకారం రెండూ ఒప్పే. ‘మేము’లో వినేవాడు చేరడు, ‘మనము’లో చేరతాడు. అందుకని మీ పాట ఎవరితో మాట్లాడుతోందో ముందు తేల్చుకోవాలి.

సహాయ నిరాకరణ ఉద్యమం రోజుల్లో గరిమెళ్ల సత్యనారాయణ ‘మాకొద్దీ తెల్లదొరతనము దేవా’ అని రాశారు, జైలుకూ వెళ్లారు. అది దేవుడికి పెట్టుకున్న మొర. మొర వినేవాడు బాధితుల్లో ఒకడు కాడు కాబట్టి ‘మా’ అన్నారు. ‘మనకొద్దీ’ అని పాడి చూడండి, దేవుణ్ణి కూడా తెల్లదొర పాలనలోకి లాగినట్టవుతుంది! చరణంలో ‘ఉప్పు ముట్టుకుంటె దోషమండి’ అంటారు. ఈ మాటలో నాకు గొప్ప నేర్పు కనిపిస్తుంది. అప్పట్లో ఉప్పు మీద పన్ను ఉండేది. ఆ సంగతిని చట్టం భాషలో చెబితే ఎవరికీ పట్టదు. ‘దోషం’ అనేది పాపపుణ్యాల మాట. వంటింట్లో ఉండే ఉప్పును తాకితే పాపమా అని వినేవాడి మనసే ఎదురు తిరుగుతుంది. ‘అండి’ కూడా ఊరికే పడలేదు. అది వినేవాణ్ణి పెద్దమనిషిగా కూర్చోబెట్టి తీర్పు చెప్పమంటుంది.

గూడ అంజయ్య ‘ఊరు మనదిరా, ఈ వాడ మనదిరా’ పాట దీనికి పూర్తిగా వేరు. ఇక్కడ వినేవాడు తీర్పరి కాడు, తోటి కష్టజీవి. అందుకే ‘మన’, అందుకే ‘రా’. మన భాషలో ‘రా’కి చిన్నచూపు ఒక్కటే అర్థం కాదు, స్నేహితులూ అన్నదమ్ములూ ఒకరినొకరు ‘రా’ అనే పిలుచుకుంటారు. ‘మనదండి’ అంటే ఆ దగ్గరితనం పోతుంది. పాట సుత్తి, కత్తి, పలుగు, పార ఒక్కొక్కటే పేరు పెట్టి ‘మనది’ అనిపిస్తూ పోతుంది. ప్రతిదానికీ వినేవాడు లోలోపల అవునంటాడు. అప్పుడు ‘నడుమ దొర ఏందిరో’ అని అడుగుతుంది. జవాబు పాట చెప్పదు, వినేవాడే చెప్పుకుంటాడు. ఈ ప్రశ్న మొదటి పాదంలోనే వచ్చి ఉంటే ఇంత బలం ఉండేది కాదు.

ఇక ‘బండెనక బండి కట్టి’ పాటలో నైజాం సర్కారును ‘కొడకో’ అంటారు. అక్కడ మాత్రం అది తిట్టే, సందేహం లేదు. పిలుపు నవాబుకే అయినా అది చేరాల్సింది చుట్టూ ఉన్న జనానికి. పేరెత్తడానికే భయపడే పాలకుణ్ణి నలుగురూ కలిసి ఏకవచనంలో పిలిస్తే భయం సగం పోతుంది.

మీ పాట సంగతికి వస్తే, ధర్నాలో అధికారుల ఎదుట పాడేటట్టయితే ‘మా భూమి మాకే’ ఉంచండి. అక్కడ ‘మన’ అంటే భూమిలో వాళ్లకూ వాటా ఇచ్చినట్టే. జనాన్ని కూడగట్టడానికి ముందుగా వాడవాడలా పాడేటట్టయితే మీ మిత్రుడి మాట వినండి. రెండుచోట్లా అదే పాట కావాలంటే పల్లవిని రెండు రకాలుగా రాసుకోండి. ఒకే చరణంలో మాత్రం ‘మా’, ‘మన’ కలపకండి, పాట ఎవరితో మాట్లాడుతోందో వినేవాడికి తెలియకుండా పోతుంది.