ట్రామ్ లైన్ నివేదికలో ఏం నిలదీయాలి?

ట్రామ్ ఖర్చు టికెట్లతోనే తిరిగొస్తుందని, కాలుష్యం సున్నా అని నివేదికలో రాశారు, ప్రజాభిప్రాయ సేకరణలో ఏం అడగాలి అన్నారు కదా. ముందు డబ్బు సంగతి చూడండి. టికెట్ల ఆదాయం చాలాచోట్ల రోజువారీ నిర్వహణకే సరిపోదు. నిర్మాణానికి తెచ్చిన అప్పు దానితో తీరుతుందంటే నమ్మకండి, వేరే ఆదాయం ఏముందో చూపించమనండి. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో 2012 నుంచి, ఉద్యోగులకు 11 లేదా అంతకుమించి పార్కింగ్ స్థలాలున్న సంస్థల నుంచి లెవీ (ప్రత్యేక రుసుము) వసూలు చేసి ట్రామ్ విస్తరణకు వాడారు. నాకు బాగా నచ్చిన పద్ధతి ఇది. ట్రామ్‌కు డబ్బూ వస్తుంది, కార్ల మోజూ కొంత తగ్గుతుంది.

అసలు గండం రోడ్డు కింద ఉంటుంది. నీటి పైపులు, మురుగు లైన్లు, కేబుళ్లు జరపనిదే పట్టాలు పడవు. స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో ఈ పనుల ఆలస్యం, కాంట్రాక్టు తగాదాలు కలిసి 54.5 కోట్ల పౌండ్ల బడ్జెట్‌ను 77.6 కోట్లకు చేర్చాయి. 2014లో నడవడం మొదలైంది కూడా అనుకున్నదానికంటే పొట్టి లైనే! అందుకే భూగర్భ సర్వే టెండర్లకు ముందే పూర్తవుతుందా అని గట్టిగా అడగండి.

ఇక ‘సున్నా’ మాట. ట్రామ్‌కు పొగగొట్టం ఉండదు, నిజమే. కానీ కరెంటు బొగ్గుదైతే ఆ పొగ ప్లాంటు దగ్గర వస్తుంది. సిమెంటు, ఉక్కు తయారీలో వెలువడే కార్బన్ సరేసరి. ఆ కార్బన్ భారం ఎన్నేళ్లలో తీరుతుందన్నది ఎక్కేవాళ్లను బట్టి ఉంటుంది. కారు మానేసి వస్తే లాభం, బస్సు మానేసి వస్తే అంతంతమాత్రం. కారు మానేసేవాళ్లెందరు, బస్సు మానేసేవాళ్లెందరు అన్న ఈ రెండు లెక్కలూ విడివిడిగా రాతపూర్వకంగా ఇమ్మనండి. వీలైనచోట గడ్డి పరిచిన ట్రాక్ కూడా అడగండి, చప్పుడు తగ్గి వాన నీరు ఇంకుతుంది.