ప్రభల తీర్థం వీడియోకు టైమ్‌లైన్ 24లో పెట్టాలా, 30లో పెట్టాలా?

రెండు ఫోన్లతో ప్రభల తీర్థం (వెదురుతో కట్టి గుడ్డలతో అలంకరించిన ప్రభలను ఊరేగించే కోనసీమ ఉత్సవం) చిత్రీకరించారనీ, ఒక ఫోన్‌లో సెకనుకు 60 ఫ్రేములు, రెండోదానిలో 30 ఉన్నాయనీ, సినిమాలా కనిపించాలంటే టైమ్‌లైన్ (ఎడిటింగ్‌లో వీడియో ముక్కలను వరుసగా కూర్చే చోటు) సెకనుకు 24 ఫ్రేములలో పెట్టమని మిత్రులు చెబుతున్నారనీ రాశారు. 30లోనే పెట్టండి. నేను 24లో పెట్టి ఒక కనుమ నాటి వీడియోను పాడుచేసుకున్నాను కనుక కారణం వివరంగా చెబుతాను.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. జగ్గన్నతోటకు ఏకాదశ రుద్రుల ప్రభలు చేరే రోజున, కౌశిక కాలువ దాటే చోట గట్టు మీద నిలబడి, ప్రభను భుజాల మీద మోసుకొస్తున్నవారి వెంట ఫోన్‌ను నెమ్మదిగా పక్కకు తిప్పుతూ 30 ఫ్రేములతో తీశాను. ఫోన్‌లో చూసినప్పుడు సాఫీగానే ఉంది. 24 టైమ్‌లైన్‌లో ఎడిట్ చేసి చూస్తే మాత్రం, వెనుక వరుసగా ఉన్న కొబ్బరిచెట్లు ఆగి ఆగి గెంతుతున్నట్టు కనిపించాయి. 30ని 24కు కుదించాలంటే సాఫ్ట్‌వేర్ ప్రతి ఐదు ఫ్రేములలో ఒకదాన్ని తీసివేయాలి. ఆ తీసివేసిన ప్రతిచోటా కదలిక ఒక అడుగు ఎగిరిపడుతుంది. మనిషి కూర్చుని మాట్లాడే దృశ్యంలో ఇది అంతగా తెలియదు గానీ, కెమెరా పక్కకు తిరిగేటప్పుడు వెంటనే బయటపడుతుంది. మీ 60 ఫ్రేముల ఫైలుకూ ఇదే చిక్కు, ఎందుకంటే 60ని 24తో భాగిస్తే రెండున్నర వస్తుంది, సగం ఫ్రేమును చూపించే వీలు లేదు. అదే 30 టైమ్‌లైన్‌లో ఒకటి విడిచి ఒకటి తీసుకుంటే సరిపోతుంది. పైగా ఆ ఫైలును సగం వేగానికి తగ్గిస్తే, ప్రభ నీళ్లలోకి దిగే ఘట్టం ఒక్క ఫ్రేము కూడా కల్పించకుండా నిదానంగా, నిండుగా కనిపిస్తుంది.

ఆప్టికల్ ఫ్లో వాడితే గెంతులు పోతాయని కొందరు చెబుతారు. అది మధ్య ఫ్రేములను ఊహించి సృష్టిస్తుంది. జనసమ్మర్దంలో చేతులూ, రెపరెపలాడే గుడ్డల అంచులూ కరిగిపోయినట్టు వచ్చాయి, నాకు నచ్చలేదు. సినిమా తరహా కదలిక కావాలంటే తీసేటప్పుడే 24 ఎంచుకుని, షట్టర్‌ను (ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడనిచ్చే సమయాన్ని) సుమారు 1/48 సెకను దగ్గర ఉంచాలి. ఎడిటింగ్‌లో మార్చితే ఆ గుణం రాదు.

రెండో విషయం ఇంకా ముఖ్యమైనది. ఫోన్లు చాలావరకు ఫ్రేములను సమాన వ్యవధులలో రాయవు. 1996 నవంబరు తుపాను గురించి మా పెదనాన్నగారు చెబుతుండగా, సాయంత్రం వీధి అరుగు మీద నలభై నిమిషాలు రికార్డు చేశాను. చీకటి పడే కొద్దీ ఫోన్ వెలుతురు కోసం ఒక్కో ఫ్రేముకు ఎక్కువ సమయం తీసుకుంటూ ఫ్రేముల సంఖ్య తగ్గించింది. ఎడిటింగ్‌లో మొదట సరిగ్గానే ఉన్న మాట, చివరికి వచ్చేసరికి పెదవుల కదలికకు దూరమైపోయింది. మళ్లీ చెప్పించుకోలేని మాటలు అవి. అందుకని ఇప్పుడు ప్రతి ఫైలునూ ముందు మీడియాఇన్ఫోలో (ఫైలు వివరాలు చూపే సాఫ్ట్‌వేర్) తెరిచి చూస్తాను. ఫ్రేమ్ రేట్ మోడ్ వేరియబుల్ (ఫ్రేముల వ్యవధి మారుతూ ఉండేది) అని ఉంటే, వీడియోలను మార్చే హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ (వ్యవధి మారనిది) ఫ్రేమ్ రేట్ ఎంచుకుని మార్చిన తరువాతే ఎడిటింగ్‌లోకి తెస్తాను. మీ రెండు ఫైళ్లనూ అలాగే, 30ని 30గా, 60ని 60గా మార్చుకోండి. 29.97 అని కనిపిస్తే కంగారుపడనక్కరలేదు, దాన్ని 30 టైమ్‌లైన్‌లో వాడితే కంటికి తేడా తెలియదు.

రాత్రి దృశ్యాలలో చారలు పారుతున్నాయని కూడా అడిగారు. మన కరెంటు 50 హెర్ట్జ్ కావడం వల్ల చాలా దీపాలు సెకనుకు వందసార్లు మినుకుతాయి. షట్టర్ 1/50 గానీ 1/100 గానీ ఉంచితే ఆ చారలు పోతాయి. 60 ఫ్రేములతో తీసేటప్పుడు 1/50 కుదరదు కాబట్టి, వెలుతురు తక్కువైన చోట నేను 30తోనే తీస్తాను.

ఎడిటింగ్‌కు డావిన్చీ రిజాల్వ్ సాఫ్ట్‌వేర్ వాడేవారైతే, ఫైళ్లు లోపలికి తేకముందే ప్రాజెక్టు సెట్టింగులలో 30 పెట్టండి, తరువాత మార్చనివ్వదు. మొత్తం కూర్చేలోపు, కెమెరా పక్కకు తిరిగే పది సెకన్ల ముక్కను ఎక్స్‌పోర్టు చేసి టీవీలో చూడండి. చెట్లు సాఫీగా కదిలితే మిగతా పని మొదలుపెట్టవచ్చు.